కాదనైనా రాసివ్వండి

"ఫైలు ఇప్పుడు ఎవరి లాగిన్‌లో ఉంది సార్?"

మా వృత్తిలో ఉన్నవాళ్ళు రోజూ వినే ప్రశ్న ఇది. వెనకటికి ఎవరి టేబులు మీద ఉందని అడిగేవాళ్ళు. టేబులు పోయి లాగిన్ వచ్చింది, ప్రశ్న మాత్రం పోలేదు.

మడకశిరలో ఇళ్ళ ప్లాన్లు గీసి, ఆన్‌లైన్లో పెట్టి, అనుమతి తెచ్చిపెట్టడం నా పని. మమ్మల్ని ఎల్‌టీపీ అంటారు, అంటే లైసెన్స్‌డ్ టెక్నికల్ పర్సన్. ఊళ్ళో జనం మాత్రం 'ప్లాన్ సార్' అంటారు. మొదట్లో ట్రేసింగ్ కాగితం మీద గీసి, అమ్మోనియా ప్రింట్లు తీసి, మూడు సెట్లు కట్టి ఇచ్చేవాళ్ళం. ఇప్పుడు ఆటోక్యాడ్‌లో గీసి అప్‌లోడ్ చేస్తే సాఫ్ట్‌వేరే కొలతలు చదువుకుంటుంది. గోడ ఒక లేయర్లో, సెట్‌బ్యాక్, అంటే హద్దు నుంచి వదలాల్సిన ఖాళీ, ఒక లేయర్లో, రోడ్డు ఒక లేయర్లో ఉండాలి. ఒక లేయరు పేరు తప్పితే ఫైలు గేటు దగ్గరే ఆగిపోతుంది. ఈ యంత్రంతో నాకేం పేచీ లేదు. తప్పుంటే నిమిషంలో చెప్తుంది, దిద్దుకుంటాం. ఆలస్యం యంత్రం దాటాక మొదలవుతుంది.

మా ప్రాంతంలో ఆలస్యం బరువెంతో తెలియాలంటే ఇల్లు కట్టే డబ్బు ఎట్లా వస్తుందో తెలియాలి. ఇక్కడ నెలజీతం మీద ఇల్లు కట్టేవాళ్ళు తక్కువ. వాన పడిన ఏడు వేరుశనగ చేతికొస్తే, నాలుగు కోతలు పట్టుగూళ్ళు హిందూపురం మార్కెట్లో మంచి ధర పలికితే, అమరాపురం, రొళ్ళ వైపు వక్కతోట ఉన్నవాళ్ళకు కాపు బాగుంటే అప్పుడు ఇంటి మాట ఎత్తుతారు. లేదా బెంగళూరులో సెంట్రింగు పనికో మేస్త్రీ పనికో పోయిన కొడుకు కొన్నేళ్ళు కూడబెట్టి పంపిస్తాడు. వాడు పరాయివాళ్ళ అపార్టుమెంట్లు కట్టి కట్టి, తన ఊళ్ళో ఒక ఇల్లు కట్టుకోవాలని వస్తాడు. ఈ డబ్బు ఒకసారి వచ్చేది. పెట్టెలో ఉంచుకుని అనుమతి కోసం ఎదురుచూస్తే అది అట్లనే ఉండదు. ఎండాకాలంలో బోరు ఎండిపోతుంది, ఇంటి డబ్బు పెట్టి ఇంకో బోరు వేస్తారు. ఆ బోరులో నీళ్ళు పడకపోతే అటు తోటా లేదు, ఇటు ఇల్లూ లేదు. కోస్తాలో అనుమతి ఆలస్యమైతే సిమెంటు ధర పెరుగుతుందేమో. ఇక్కడ ఇల్లే బోరుగుంతలోకి పోతుంది.

డబ్బులుండి ఆలస్యాన్ని తట్టుకున్నవాడికి ఇంకో దెబ్బ ఉంది. అనుమతి లేని లేఅవుట్లో ప్లాటు కొన్నవాళ్ళు ఓపెన్ స్పేస్ చార్జీ కింద ప్లాటు విలువలో కొంత శాతం కట్టాలి. ఫైలు గడువు దాటి మూసుకుపోయి, మళ్ళీ కొత్తగా అప్‌లోడ్ చేసేసరికి ఆ విలువే మారిపోయి ఉండొచ్చు. 2025 ఫిబ్రవరి 1న రాష్ట్రంలో రిజిస్ట్రేషన్ విలువలు సవరించారు. ఆ తేదీకి ముందు తేలాల్సిన ఫైళ్ళు ఆ తేదీ దాటాక తేలితే ఆ తేడా ఎవరు కడతారు? నష్టం ఎప్పుడూ దరఖాస్తుదారుదే. ఆలస్యం చేసిన లాగిన్ మీద రూపాయి కూడా పడదు.

ఒక ఫైలు సంగతి చెప్తాను. ఊరి పేరు, ఆఫీసు పేరు అవసరం లేదు. నేను చుట్టుపక్కల చాలాచోట్లకు గీస్తాను, అన్నిచోట్లా ఇదే తంతు. పెద్దాయన మల్బరీ రైతు. పాత ఊళ్ళో మూడు సెంట్ల స్థలం. మూడు సెంట్లంటే 145 గజాలు, మీటర్లలో 121. ముఖం ఇరవై అడుగులు, లోతు అరవై అయిదు. 2017 నాటి భవన నిర్మాణ నిబంధనలు, అంటే జీవో 119 ప్రకారం, ఈ సైజు స్థలానికి ముందు మీటరున్నర, మిగతా మూడు వైపులా మీటరు చొప్పున వదలాలి. ఇరవై అడుగుల వెడల్పులో రెండు పక్కలా మీటరు వదిలితే మిగిలేది పదమూడు అడుగుల అయిదు అంగుళాలు. రెండు తొమ్మిదంగుళాల గోడలు పోతే లోపల పన్నెండు అడుగులకు ఒక అంగుళం తక్కువ. అటూ ఇటూ ఇళ్ళు హద్దుగోడ మీదే కట్టి యాభై ఏళ్ళయింది. పెద్దాయన నవ్వి, "ఈ సందుల్లో ఎవరు తిరుగుతారప్పా, పిల్లులా?" అన్నాడు. అయినా ఒప్పుకున్నాడు. నిబంధన ప్రకారమే గీశాను, అప్‌లోడ్ చేశాను, ఫీజు కట్టించాను.

మొదటి షార్ట్‌ఫాల్, అంటే ఫలానాది లోపమని చెప్పే నోటీసు, వచ్చింది: లింకు డాక్యుమెంటు స్పష్టంగా లేదు. కొత్తగా స్కాన్ చేసి పెట్టాం. రెండోది: ఖాళీ స్థలం పన్ను రసీదు కావాలి. కట్టి పెట్టాం. కొన్నాళ్ళకు మళ్ళీ మొదటిదే వచ్చింది, వేరే మాటల్లో. ఆ తర్వాత ఏమీ రాలేదు. స్క్రీన్ మీద 'పరిశీలనలో ఉంది' అని ఒక్కటే. ఆఫీసుకు పోయి అడిగితే "చూస్తాం", "సార్ మీటింగులో ఉన్నాడు", "సైటు చూడాల". సోమవారం గ్రీవెన్సులో అర్జీ ఇచ్చాడు. ఆ అర్జీ తిరిగి తిరిగి అదే ఆఫీసుకు వచ్చింది, 'పరిశీలనలో ఉంది' అనే జవాబు రాయించుకుని పరిష్కారమైనట్టు మూసుకుపోయింది. ఉగాదులు దాటాయి.

అప్పుడు పెద్దాయన అన్న మాట నాకు చట్టం పుస్తకాల కంటే బాగా అర్థమైంది. "అవుననకపోతే మానె స్వామీ, కాదనైనా రాసీమను. దాన్ని పట్టుకుని ఇంకో దోవ చూసుకుంటా."

అసలు చిక్కు అక్కడే ఉంది. అప్పీళ్ళు ఆలస్యమవుతున్నాయని అందరూ అంటారు. నా అనుభవంలో మా వైపు చాలా ఫైళ్ళు అప్పీలు దాకా పోనే పోవు. అప్పీలు చెయ్యాలంటే చేతిలో ఒక ఉత్తర్వు ఉండాలి, దానిమీద తేదీ ఉండాలి, కారణం ఉండాలి. షార్ట్‌ఫాల్ ఉత్తర్వు కాదు, మౌనం ఉత్తర్వు కాదు. కాదని రాస్తే ఆ రాసినవాడి మీద అప్పీలుంటుంది, పైవాడు అడుగుతాడు, కోర్టు అడుగుతుంది. రాయకపోతే ఎవరూ అడగరు. కాబట్టి తెలివైన ఆఫీసు కాదనదు, ఊరుకుంటుంది.

చట్టం దీన్ని ఊహించలేదా అంటే, ఊహించింది. మా పాత అనంతపురం జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న రోజుల్లో 1920లో మద్రాసు జిల్లా మునిసిపాలిటీల చట్టం వచ్చింది. అందులో ఒక దారి పెట్టారు. ఇంటి దరఖాస్తు మీద అధికారి గడువులోగా అవుననో కాదనో చెప్పకపోతే, దరఖాస్తుదారు రాతపూర్వకంగా కోరితే విషయం కౌన్సిలు ముందుకు పోవాలి. కౌన్సిలు కూడా నెలలో తేల్చకపోతే అనుమతి ఇచ్చినట్టే లెక్క, నిబంధనలు మీరి మాత్రం కట్టకూడదు. మన 1965 నాటి మునిసిపాలిటీల చట్టంలోకీ ఆ ఆలోచన వచ్చింది. వందేళ్ళ కిందటి తెల్లదొరలకు ఆఫీసుల మౌనం సంగతి బాగానే తెలుసు.

అయితే నా ఇన్నేళ్ళ పనిలో ఈ దారిన పోయినవాళ్ళు నాకు తారసపడలేదు. కారణాలున్నాయి. కౌన్సిలు గడువు తీరి ఎన్నికలు జరగని కాలంలో స్పెషల్ ఆఫీసరు పాలన ఉంటుంది, ఎవరి ముందు పెట్టాలి? కౌన్సిలు ఉన్నా, ఆఫీసును కాదని కౌన్సిలుకు పోయినవాడు రేపు కుళాయి కనెక్షనుకు అదే ఆఫీసుకు రావాలి. ఇక ఇచ్చినట్టే లెక్క అనే అనుమతిని బ్యాంకు ఒప్పుకోదు. మేనేజరుకు ముద్ర కావాలి, నంబరు కావాలి. మౌనాన్ని జిరాక్సు తీసి లోన్ ఫైలుకు జతచెయ్యలేం కదా.

ఇంకో కారణం మావాళ్ళే, ఎల్‌టీపీలే. ఒక ఫైలు కోసం గట్టిగా రాస్తే మిగతా ఫైళ్ళ గతేమిటని మాలో ప్రతివాడికీ లెక్క ఉంటుంది. దాన్ని భయమన్నా, బతుకుతెరువన్నా నాకేం అభ్యంతరం లేదు. క్లయింటు తరఫున అప్పీలు రాయడానికి వెనకాడే ఎల్‌టీపీని ఎవరైనా తప్పుపడితే, ముందు అతని లైసెన్సు రెన్యువల్ ఎవరి చేతిలో ఉందో చూడమంటాను.

పెద్దాయన కొడుకు బెంగళూరులో పనిచేస్తాడు, నాలుగు చోట్ల తిరిగినవాడు. హైకోర్టులో రిట్ వేద్దామన్నాడు. మాకు బెంగళూరు పొద్దున పోయి సాయంత్రానికి తిరిగొచ్చేంత దగ్గర, మన హైకోర్టు ఉన్న అమరావతి మాత్రం చాలా దూరం. వకీలు ఫీజు, రైలు చార్జీలు, అన్నీ ఇంటి డబ్బులోంచే. ఇట్లాంటి రిట్లలో సాధారణంగా వచ్చే ఉత్తర్వు చిన్నది. దరఖాస్తును చట్టప్రకారం పరిశీలించి, ఇన్ని వారాల్లో తగిన ఉత్తర్వు ఇవ్వండి అని. ఇంటికి అనుమతి ఇమ్మని కోర్టు అనదు, తేల్చమని మాత్రమే అంటుంది. అంటే మనిషి హైకోర్టు దాకా పోయి తెచ్చుకునేది జవాబు కాదు, జవాబు పొందే హక్కు.

రిట్ వేశారు, అట్లాంటి ఉత్తర్వే వచ్చింది. ఆఫీసు నుంచి జవాబూ వచ్చింది, గడువులోగానే. కాదు అని. ఒక పేజీ ఉత్తర్వు. కారణం: ముందున్న వీధి వెడల్పు ప్లానులో పదహారు అడుగులని చూపారు, స్థలం మీద పద్నాలుగే ఉంది.

లింకు డాక్యుమెంటు మాట లేదు, పన్ను రసీదు మాట లేదు. ఇన్నాళ్ళూ ఎవరూ నోరెత్తని వీధి వెడల్పు ఒక్కటే కారణం. నాకు కోపం రాలేదు, ప్రాణం లేచొచ్చింది. కారణం ఏదైనా సరే, కాగితం మీద ఉంటే దానికి మందుంటుంది.

వీధికి పోయి టేపు పట్టాం. సంగతి తేలిపోయింది. పక్కింటి అరుగు వీధిలోకి రెండడుగులు ముందుకొచ్చి ఉంది. అరుగు దగ్గర కొలిస్తే పద్నాలుగు, అరుగు దాటి పెద్దాయన స్థలం ముందు కొలిస్తే పదహారు. నేను పదహారు చూపాను, సైటు చూసినవాళ్ళు అరుగు దగ్గర నిలబడి పద్నాలుగు రాసుకున్నారు. రెండూ అబద్ధం కాదు. ఆ అరుగు మీద కూర్చున్న అవ్వ మా టేపును చూసి, "మా మామ కట్టించిన అరుగు ఇది, దీని జోలికి రావద్దండి నాయనా" అంది. ఎవరూ రాలేదు. ఉమ్మడిగా కొలవమని అర్జీ రాశాం, వార్డు సచివాలయం ప్లానింగ్ సెక్రటరీ వచ్చి నాలుగుచోట్ల కొలిచి, ఫోటోలు తీసి, స్కెచ్ రాసుకుంది. ఒక పొద్దుటి పని. వీధి విస్తరణకు ముందువైపు వదలాల్సింది ఎంతో లెక్కతేలింది, ప్లాన్ సవరించాను, అనుమతి వచ్చింది. అప్పీలు రాయాల్సిన అవసరమే రాలేదు.

మొదట్లోనే 'వీధి పద్నాలుగడుగులు' అని ఒక్క ముక్క రాసి కాదని ఉంటే, ఆ పొద్దు అప్పుడే వచ్చి ఉండేది. అనుమతి వచ్చేనాటికి పెద్దాయన చేతిలో రెండంతస్తుల డబ్బు లేదు. ఒక భాగం బోరుకు, ఒక భాగం వకీలుకు పోయింది. కింద మాత్రం కట్టి, పైకి పిల్లర్ల చువ్వలు వదిలిపెట్టాడు.

1977లో మొహిందర్ సింగ్ గిల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన సూత్రం ఒకటి వకీళ్ళ నోట తరచూ వింటుంటాను. ఒక అధికారి ఉత్తర్వు ఇస్తే అందులో రాసిన కారణాల మీదనే అది నిలవాలి, తర్వాత కొత్త కారణాలు తెచ్చి అతికించకూడదని. ఎన్నికల కేసులో చెప్పిన మాట, ఇళ్ళ ప్లాన్లకూ సరిపోతుంది. షార్ట్‌ఫాల్ పద్ధతిలో జరిగేది దానికి తలకిందులు. ఒక కారణం తీరగానే ఇంకొకటి పుడుతుంది. ఉన్న లోపాలన్నీ ఒకేసారి చెప్పాలనే నియమం ఒక్కటి గట్టిగా అమలైతే మా పనిలో సగం అలసట పోతుంది.

ఆఫీసువాళ్ళ వైపు నుంచి కూడా చెప్పాలి, లేకపోతే అన్యాయమవుతుంది. చిన్న పట్టణాల్లో టౌన్ ప్లానింగ్ అధికారికి తన సీటుతో పాటు పక్క ఊరి ఇన్‌చార్జి బాధ్యత కూడా ఉండటం మామూలే. 2019 అక్టోబరులో వార్డు సచివాలయాలు వచ్చాక వార్డుకొక ప్లానింగ్ సెక్రటరీ వచ్చారు, కొలిచే చేతులు పెరిగాయి, సంతకం చేసే చేతులు పెరగలేదు. అవునంటే రేపు విజిలెన్సు అడుగుతుంది, కాదంటే అప్పీలు వస్తుంది, ఊరుకుంటే ఏమీ రాదు. ఈ లెక్కలో ఏ మనిషైనా ఊరుకోవడాన్నే ఎంచుకుంటాడు. కాబట్టి మనుషుల్ని తిట్టి లాభం లేదు, ఊరుకోవడానికి ఖరీదు కట్టాలి.

ఇంగ్లండులో కొంత కట్టారు. అక్కడ చిన్న నిర్మాణాల దరఖాస్తును స్థానిక కౌన్సిలు ఎనిమిది వారాల్లో, పెద్దవాటిని పదమూడు వారాల్లో తేల్చాలి. తేల్చకపోతే, తేల్చలేదన్న కారణంతోనే అప్పీలు చేసుకోవచ్చు. మౌనం మీదే అప్పీలన్నమాట. ఆ అప్పీళ్ళను బ్రిస్టల్‌లో ఉన్న ప్లానింగ్ ఇన్‌స్పెక్టరేట్ చూస్తుంది, దాని ఇన్‌స్పెక్టర్లు స్థలం చూసి రాస్తారు. అరుగు దగ్గర కొలవాలా, అరుగు దాటాక కొలవాలా అన్నది తేల్చేది ఆ నడకే. అట్లాగని అక్కడంతా స్వర్గమేమీ కాదు. బహిరంగ విచారణ జరిగే పెద్ద అప్పీళ్ళకు సగటున 47 వారాలు పడుతోందని గోల లేచి, 2018లో బ్రిడ్జెట్ రోజ్‌వెల్ అనే ఆర్థికవేత్తను సమీక్షకు వేశారు. ఆమె 2019 ఫిబ్రవరిలో 22 సిఫార్సులు ఇచ్చింది. ఆ కాలాన్ని ఇరవై ఆరు వారాలకు లోపల తేవచ్చని అందులో లెక్క చూపించింది. నన్ను ఆకట్టుకున్నది ఆ లెక్క కాదు. 47 వారాలని వాళ్ళకు తెలియడం. మన దగ్గర ఒక అప్పీలు సగటున ఎన్నాళ్ళు పడుతుందని అడిగితే చెప్పే నోటీసుబోర్డు నేను ఏ ఆఫీసులోనూ చూడలేదు.

మన చట్టాల్లోనూ గడియారం ఉన్నచోట ఉంది, లేనిచోట లేదు. 2005 నాటి సమాచార హక్కు చట్టమే చూడండి. జవాబుకు 30 రోజులు. మొదటి అప్పీలుకు 30, కారణం రాస్తే 45. రెండో అప్పీలుకు, అంటే కమిషను దగ్గరికి పోయాక, చట్టంలో గడువే లేదు. కిందివాళ్ళకు గడువు పెట్టి పైవాళ్ళను వదిలేశారు. తెలంగాణ 2020లో టీఎస్ బీపాస్ చట్టం తెచ్చి, 75 గజాల లోపు స్థలంలో చిన్న ఇంటికి రూపాయి రిజిస్ట్రేషన్, పెద్దవాటికి 21 రోజుల్లో తేల్చకపోతే అనుమతి ఇచ్చినట్టే అని రాసుకుంది. బాగుంది. అదే 2020లో అక్కడే ప్లాట్ల క్రమబద్ధీకరణకు, అంటే ఎల్ఆర్ఎస్‌కు, ప్లాటుకు వెయ్యి రూపాయలు కట్టించుకుని 25 లక్షలకు పైగా దరఖాస్తులు తీసుకున్నారు. వాటిలో చాలా భాగం 2025 దాకా తేలలేదు. ఒకే రాష్ట్రం, ఒకే ఏడు, ఒకచోట గడువుంది, ఒకచోట లేదు.

తేల్చకపోతే జనం ఏం చేస్తారో మాకు రోజూ కళ్ళముందే కనిపిస్తుంది. కట్టేస్తారు. అనుమతి కోసం ఆగినవాడి డబ్బు కరిగిపోతుంది, ఆగనివాడు గృహప్రవేశం చేసి భోజనాలు పెడతాడు. తర్వాత ప్రభుత్వం బీపీఎస్ తెస్తుంది, జరిమానా కట్టి క్రమబద్ధం చేసుకోమంటుంది. ఉమ్మడి రాష్ట్రంలో 2007 డిసెంబరు 31న జీవో 901తో ఒకటి, మన రాష్ట్రంలో 2015లో ఒకటి, 2019లో ఒకటి, 2025లో మళ్ళీ ఒకటి. ఇదే ఆఖరిసారి అని ప్రతిసారీ అన్నారు. ఇప్పుడు క్లయింట్లు నా దగ్గరికొచ్చి, "ప్లాన్ ఎందుకులే అన్నా, వచ్చే బీపీఎస్‌లో చూసుకుందాం" అంటున్నారు. నేనేం చెప్పాలి? నిబంధన ప్రకారం గీసిన పెద్దాయన పిల్లర్ చువ్వలు తుప్పు పడుతుంటే, రెండు వీధుల అవతల సెట్‌బ్యాక్ అంటే తెలియని మూడంతస్తుల ఇల్లు రంగులేసుకుని నిలబడి ఉంది.

2025లో సెల్ఫ్ సర్టిఫికేషన్ వచ్చాక చిన్న భవనాలకు ఆఫీసు చుట్టూ తిరిగే పని తగ్గింది. యజమాని, ఎల్‌టీపీ కలిసి అన్నీ నిబంధన ప్రకారమే ఉన్నాయని ధ్రువీకరిస్తే చాలు. తప్పు తేలితే లైసెన్సు పోయేది మాది. నాకిది సమ్మతమే, వేగంగా తేలుతుంది. కానీ ఇప్పుడు కూడా వీధి పద్నాలుగా పదహారా అన్న తగాదా వస్తే తేల్చేదెవరు? తర్వాత తనిఖీకి వచ్చినవాళ్ళు అరుగు దగ్గర నిలబడి పద్నాలుగు అంటే, నా లైసెన్సు మీద వచ్చే నోటీసుకు నేనెక్కడ అప్పీలు చేసుకోవాలి, అది ఎన్నాళ్ళకు తేలుతుంది? దరఖాస్తును వేగం చేశారు, తగాదాను ఉన్నచోటే వదిలేశారు.

ఇల్లు కట్టబోయేవాళ్ళకు నాలుగు మాటలు. అప్‌లోడ్ చేసిన రోజు రసీదు ప్రింటు తీసి పెట్టుకోండి. ప్రతి షార్ట్‌ఫాల్‌కూ తేదీతో జవాబు పెట్టండి, నోటిమాటతో సరిపెట్టుకోవద్దు. గడువు దాటితే 'నా దరఖాస్తును కారణాలతో ఆమోదించండి లేదా తిరస్కరించండి' అని ఒక్క వాక్యం రాసి, ఇన్‌వార్డు ముద్ర వేయించుకోండి. రిట్ వేయాల్సి వచ్చినా వకీలు మొదట అడిగేది ఆ కాగితమే. తిరస్కరణ వచ్చిందని ఏడవద్దు, అందులో కారణం చదవండి. ఇంగ్లీషులో ఉంటే చదివి చెప్పమని మీ ఎల్‌టీపీని అడగండి, మీరిచ్చిన ఫీజులో అది కూడా ఉంది.

ఆఫీసు సీట్లలో ఉన్న సార్లకూ మేడములకూ నా విన్నపం ఒక్కటే. కట్టకూడనిదైతే కట్టొద్దనే రాయండి, ఎందుకో కూడా రాయండి, కింద సంతకం పెట్టి తేదీ వెయ్యండి. మిగతాది మేం చూసుకుంటాం.